పేరుకు చెల్లెలు

సూపు గిన్నెలు వచ్చి అయిదు నిమిషాలైంది. పిల్సున్ చెంచా ముట్టలేదు. ఎదురుగా దోక్సిమ్ ఇంకా మొదలుపెట్టలేదు మరి. పెద్దవాళ్ళు చెంచా ఎత్తకుండా చిన్నవాళ్ళు ఎత్తితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? హైవే పక్క హోటల్లో, మధ్యాహ్నం రెండున్నరకి చూసేవాళ్ళు ఎవరయ్యా అంటే ఇద్దరు లారీ డ్రైవర్లు, తలుపు దగ్గర కునుకుతున్న ఒక ముసలాయన. అయినా సరే, మర్యాద మర్యాదే.

దోక్సిమ్ గొంతు సవరించుకుంది. తుప్పుపట్టిన గొళ్ళెం లాగినట్టుంది ఆ చప్పుడు. నెలరోజులుగా ఇదే వరస. పలచటి రసం చెంచాతో కాస్త తీసి నోట్లో పోసుకుని, మింగడానికి కళ్ళు మూసుకుంది.

"తిను పిల్సునా. చల్లారిపోతుంది."

"మీరు తినండక్కా."

ఈ రెండు ముక్కలూ పూటపూటా నలభై ఎనిమిదేళ్ళుగా నడుస్తున్నాయి. అవి తలకిందులుగా నడుస్తున్నాయని ఈ లోకంలో ముగ్గురికే తెలుసు. పిల్సున్‌కి డెబ్బైమూడు. దోక్సిమ్‌కి డెబ్బై.

ఒక కడుపున పుట్టినవాళ్ళు కారు, ఒక ఊరివాళ్ళూ కారు. మొదటి రికార్డు వేసిన కంపెనీ యజమాని ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, వేళ్ళ మధ్య సిగరెట్టుతోనే చూపించి తేల్చేశాడు. "పొడుగ్గా, ముభావంగా ఉంది కదా, ఇది అక్క. బుగ్గన సొట్టపడుతోంది, గొంతు సన్నం, ఇది చెల్లెలు." పిల్సున్ వయసులోంచి అయిదేళ్ళు కోసేశాడు. "ఇంట్లో కూడా అలాగే పిలుచుకోండి. లేకపోతే మైకు ముందు నోరు జారుతుంది," అన్నాడు. సాయంత్రం విచ్చే ఒక పచ్చపువ్వు పేరు తెచ్చి 'దల్మాజి అక్కచెల్లెళ్ళు' అని పెట్టాడు. ఆ మహానుభావుడు పోయాడు. కంపెనీ పోయింది. వాళ్ళ రికార్డులు కొన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే పోతున్నారు. ఆ ఆజ్ఞ ఒక్కటే చావకుండా ఉంది.

మూడోవాడు మేనేజరు బాంగ్, అప్పట్లో ఆ కంపెనీలో టీలు మోసినవాడు. ఇప్పుడు వ్యాను నడిపేదీ, పాట పెట్టేదీ, పూలదండలు సర్దేదీ ఆయనే. అదే బల్ల దగ్గర కూర్చున్న ఆయన ఫోను మోగింది. చూసి, బల్ల మధ్యలో పెట్టి, అందరికీ వినబడేలా నొక్కాడు.

"ఆఁ, గుమ్ గారూ, చెప్పండి!"

రేవు ఊరు గున్సాన్ బజారులో ఎండుచేపల కొట్టు గుమ్ గారు. దల్మాజి అభిమాన సంఘానికి అధ్యక్షురాలు. ఫోనులోంచి కూడా ఆవిడ కొట్టులో ఉన్నట్టే అరుస్తుంది. "శనివారం పొద్దున పదకొండుకల్లా వచ్చెయ్యాలి! పెళ్ళిహాలు రెండో అంతస్తు. పళ్ళు గోపురంలా పేరుస్తున్నాం. దోక్సిమ్ అక్కగారికి డెబ్బై నిండుతుంటే మేం ఊరుకుంటామా? ముందు పిల్సున్ గారు అక్కగారికి మోకాళ్ళ మీద వంగి పెద్ద దణ్ణం పెడతారు, ఆ తరవాత మేమంతా. అది చూసి ఏడవాలని మా ఆడవాళ్ళు రుమాళ్ళు ఉతుక్కుని పెట్టుకున్నారు, తెలుసా!"

ఫోను ఆగిపోయాక కూడా పిల్సున్ చెంచా గాలిలోనే ఉంది.

ఆమెకు డెబ్బై నిండిన రోజు ఎవరూ పళ్ళు పేర్చలేదు. మూడేళ్ళ కిందట, ఇలాంటి హోటల్లోనే, రెండు ఊళ్ళ సంబరాల మధ్య ఖాళీలో, సముద్రపాచి సూపు తెప్పించుకుంది. పుట్టినరోజున తినేది అది. "ఊరికే తినాలనిపించింది," అంది. దోక్సిమ్ తన గిన్నెలోని మాంసం ముక్కలు రెండు ఏరి ఆమె గిన్నెలో వేసి, కిటికీలోంచి బయటికి చూసింది. తారీఖు ఆమెకు గుర్తుంది, మాట మాత్రం రాలేదు. ఆ ముక్కలు నమల్లేక మింగలేక పిల్సున్ పడ్డ బాధ పిల్సున్‌కే తెలుసు.

"నేను దణ్ణం పెట్టను," అంది ఇప్పుడు.

"మోకాలు నొప్పని చెబుదాం చిన్నక్కా," అన్నాడు బాంగ్ గభాలున. "నిలబడి వంగితే చాలు."

"మోకాలి సంగతి కాదు. నేను పెట్టను."

బాంగ్ గిన్నెలు ఇచ్చే నెపంతో లేచి వెళ్ళాడు. దోక్సిమ్ నోరు తుడుచుకుని లేచింది. పిల్సున్ ఆమె వెనకే నడిచింది, అలవాటు కొద్దీ ఒక అడుగు వెనక. వ్యాను దగ్గర గాలి ఈడ్చి కొడుతోంది. చుట్టూ ఒక్క మనిషి లేడు.

"ఇక్కడెవరూ లేరు." పిల్సున్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. మర్యాద మాటలన్నీ ఎక్కడ పడిపోయాయో, "నలభై ఎనిమిదేళ్ళు నీ ముందు గ్లాసు ఎత్తాలంటే, పెద్దవాళ్ళ ముందు తాగినట్టు మొహం పక్కకి తిప్పుకుని తాగాను. నీ చెప్పులు నువ్వు తొడుక్కునేలా తిప్పి పెట్టాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అక్కా అని పిలు. దణ్ణం కాదు, నీ కాళ్ళయినా కడుగుతాను," అంది.

దోక్సిమ్ ఆమెను చూసింది. ఆ తరవాత చెయ్యి మెల్లిగా విడిపించుకుని ముందు సీటు ఎక్కింది. ముందు సీటు ఎప్పుడూ అక్కది.

"బెల్టు పెట్టుకో పిల్సునా," అంది బొంగురుగా.

మర్నాడు శుక్రవారం అభ్యాసానికి దోక్సిమ్ రాలేదు, గొంతుకి విశ్రాంతి కావాలందని బాంగ్ చెప్పాడు. చాకలిషాపు మీద బాంగ్ అద్దెకు తీసుకున్న గదిలో ఇస్త్రీ ఆవిరి వాసన ఎప్పుడూ ఉంటుంది. పిల్సున్ కోటు విప్పకుండానే కూర్చుంది.

"గొంతుకి విశ్రాంతా? విశ్రాంతి ఎవరికి అక్కర్లేదు?"

బాంగ్ కీబోర్డు ముందు కూర్చుని వాళ్ళ పాట 'ఉప్పుగాలి ఉత్తరం' వాయించాడు. గాయకులకు వయసు వస్తున్న కొద్దీ పాటను మెట్టు మెట్టు కిందికి దించుకుంటూ రావడం ఈ వృత్తిలో మామూలే. వీళ్ళది ఇప్పటికి నాలుగు మెట్లు దిగింది.

"ఇంకోటి దించాను చిన్నక్కా. మీరు ఇవాళ కింది గొంతు పాట నేర్చుకోవాలి."

"కింది పాట నాదెప్పుడైంది? పెద్దక్క ఉండగా?"

బాంగ్ ఒకే మీటను నాలుగైదు సార్లు నొక్కాడు.

"బాంగ్!"

"సోమవారం ఆపరేషను," అన్నాడు మీటలనే చూస్తూ. "గొంతుపెట్టె తీసేస్తారట. కణితి కింది దాకా పాకిందట. ఆ తరవాత మాట ఉండదు."

పిల్సున్ కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది. మూడోది విప్పి మళ్ళీ పెట్టుకుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది. మీకు తెలిస్తే జాలిపడి దణ్ణం పెడతారట. కోపమొచ్చి మానేసినా పర్వాలేదు గానీ, జాలితో మాత్రం వద్దంది. రేపు శనివారం అయిపోయేదాకా నోరు మూసుకోమంది. చూడండి, నేనే మూసుకోలేకపోయాను."

నిన్నటి కోపం అలాగే ఉంది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు పిల్సున్‌కి. లేచి మైకు ముందు నిలబడింది. "పెట్టు," అంది.

నాలుగు గంటలు పాడింది. దోక్సిమ్ పాట బయటినుంచి ఆమెకు కంఠతా వచ్చు, లోపలినుంచి ఎప్పుడూ నడవలేదు. మూడో చరణంలో ఒకచోట తట్టుకుంది. అక్కడ పై గొంతు ఒక్క మాటను పొడుగ్గా లాగుతుంది. రికార్డులో ఆ లాగుడు విని ఊళ్ళకు ఊళ్ళే పిల్సున్ పేరు చెప్పుకున్నాయి. కింది గొంతు అక్కడ చివరి అక్షరం అనకుండానే ఆగిపోతుంది. దోక్సిమ్‌కి దమ్ము చాలక ఆగుతోందనుకుని, పిల్సున్ కుర్రతనంలో ఎన్నిసార్లు దెప్పిందో. "ఇంత పొడుగున్నావు, ఇంత ఊపిరి లేదా!" అనేది.

"ఇక్కడ దమ్ము బోలెడు మిగులుతోంది బాంగ్," అంది పాట ఆపి. "అక్షరం ఎందుకు మింగింది?"

బాంగ్ ఆశ్చర్యంగా చూశాడు. "మీకు తెలీదా? అది కూడా పాడితే మీ లాగుడు వినబడదు. మొదటి రోజునుంచీ అంతే. నేను టీలు ఇస్తూ విన్నాను, రికార్డింగు రోజున పెద్దక్కే అడిగి కొట్టించేసింది ఆ అక్షరాన్ని."

పిల్సున్ మళ్ళీ పాడింది. ఆ చోటికి వచ్చేసరికి నోరు మూసుకుంది. మూసుకోవడం పాడటం కంటే కష్టంగా ఉంది. అప్పుడు ఏడ్చింది, కాస్త గట్టిగానే. కింద ఇస్త్రీ చేసేవాడు చేతిపని ఆపాడు.

శనివారం గున్సాన్ పెళ్ళిహాల్లో జనం కిక్కిరిశారు. జనమంటే ఎనభైమంది ఆడవాళ్ళు, వాళ్ళు లాక్కొచ్చిన పదిమంది మొగుళ్ళు. బజారులో చేపలు కోసేవాళ్ళు, కూరలమ్మేవాళ్ళు. మూడురోజులు వండినట్టున్నారు, హాలంతా నువ్వులనూనె వాసన. చిత్రం ఏమిటంటే అందరి చేతులూ రాత్రి నిమ్మకాయతో తోముకున్నట్టు తెల్లగా ఉన్నాయి.

వేదిక మీద పళ్ళ గోపురాల వెనక దోక్సిమ్ కూర్చుంది, ముదురాకుపచ్చ పట్టుబట్టల్లో. పిల్సున్‌కి గులాబీరంగు. చెల్లెలికి ఎప్పుడూ గులాబీరంగే. డెబ్బైమూడేళ్ళ మనిషికి ఆ రంగు ఎలా ఉంటుందో అద్దం పొద్దున్నే చెప్పింది, ఆమె వినిపించుకోలేదు.

వ్యాఖ్యాత ఈ ఊరివాడే, మెరిసే టై కట్టుకున్న మనిషి, నోరు పెద్దది. "ఇప్పుడు! చెల్లెమ్మ గారు! అక్కగారికి! పెద్ద దణ్ణం!"

దణ్ణం పెట్టనని గురువారం అన్న మాట పిల్సున్‌కి గుర్తుంది. జాలితో వద్దన్న మాట కూడా గుర్తుంది. ఇది జాలి కాదని ఆమెకు తెలుసు. మింగిన అక్షరానికి ఈ దణ్ణం. ఆ సంగతి దోక్సిమ్‌కి ఎలా చెప్పాలో తెలియక, చెప్పకుండానే వెళ్ళి దణ్ణానికి పరిచిన బొంత ముందు నిలబడింది. చేతులు నుదుటికి చేర్చి మెల్లిగా కిందికి దిగింది. ఎడమ మోకాలు టప్పుమంది. మొదటి వరసకు కూడా వినబడి ఉంటుంది. లేవలేక, కూర్చోలేక, సగం దిగి ఆగిపోయింది. గుమ్ గారు "అయ్యయ్యో" అంటూ కుర్చీలోంచి లేచింది.

అంతకంటే ముందే దోక్సిమ్ లేచింది. లేచే తొందరలో చెయ్యి తగిలి పియర్ పళ్ళ గోపురం కూలి, పళ్ళు వేదిక మీద దొర్లాయి. ఆమె బల్ల చుట్టూ తిరిగి రాలేదు. ఆ పళ్ళ మధ్యనుంచే వచ్చి, పిల్సున్ రెండు భుజాలూ పట్టుకుంది. వ్యాఖ్యాత మైకు పట్టుకుని దగ్గరికి వంగాడు.

"అక్కా, వద్దు. లేవండి."

గొంతు లేదు, గాలీ గరుకూ మాత్రమే ఉన్నాయి. అయినా మైకు దాన్ని అందుకుంది. హాలంతా వినబడింది.

పిల్సున్ తలెత్తి ఆ ముఖం చూసింది. దోక్సిమ్ ఏడవడం లేదు. పెదవులు కదులుతున్నాయి. ఇంకా చెప్పబోతోంది. చెప్పేది ఏమిటో పిల్సున్‌కి అర్థమైంది.

"అదీ సంగతి!" అని అరిచాడు వ్యాఖ్యాత. "డెబ్బై రాగానే లెక్క తలకిందులైంది! చెల్లెల్ని పట్టుకుని అక్కా అంటున్నారు!"

హాలు గొల్లుమంది. దోక్సిమ్ తల అడ్డంగా ఊపింది. మైకు వైపు చెయ్యి చాచింది. "కాదు... నిజంగా..." అనబోతే దగ్గు కమ్ముకుంది. మెడ నరాలు తేలాయి. ముందు వరసలో ఒకావిడ నవ్వు ఆపి, ఏమిటన్నట్టు పక్కావిడ మొహం చూసింది. గుమ్ గారి చేతిలో ఉతికిన రుమాలు అలాగే ఉంది. ఎనభైమంది తోముకున్న చేతులు పిల్సున్‌కి కనిపించాయి. ఈ నవ్వు ఆగిపోతే వీళ్ళింటికి ఏం పట్టుకెళ్తారు? నలభై ఎనిమిదేళ్ళు మమ్మల్ని మోసం చేశారన్న మాట ఒకటి పట్టుకెళ్తారు. దోక్సిమ్ ఆఖరి మాటల మీద ఆ మాట అచ్చుపడిపోతుంది.

పిల్సున్ ఎలా లేచిందో ఆమెకే తెలీదు. వ్యాఖ్యాత చేతిలోంచి మైకు లాక్కుంది. బుగ్గన సొట్ట తెచ్చుకుంది.

"చూశారా! పుట్టిన దగ్గర్నుంచీ నేను అక్కా అక్కా అంటుంటే, ఆ మాట ఆవిడకే అంటుకుంది! ఏమండక్కా, పొద్దున్నే ఎవరు పోశారు మీకు?" అని చిటికెనవేలు ఎత్తి గ్లాసు ఎత్తినట్టు చూపించింది.

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. గుమ్ గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. దోక్సిమ్ పిల్సున్ భుజం మీంచి చెయ్యి తీసింది. పిల్సున్‌ని ఒక్కసారి చూసి, కిందకి వంగి పాదాల దగ్గరున్న ఒక పియర్ పండు తీసి, బల్ల మీద పెట్టి, వెళ్ళి తన చోటులో కూర్చుంది.

పాట మొదలైంది. మొదటి వరస అక్కది. దోక్సిమ్ నోరు తెరిచింది, ఏమీ రాలేదు. పిల్సున్ కింది గొంతుతో అందుకుంది. మూడో చరణంలో ఆ చోటు వచ్చినప్పుడు నోరు మూసుకుంది. పై గొంతు పాడటానికి అక్కడ ఎవరూ లేరు. వాయిద్యాలు మాత్రం ఖాళీగా సాగాయి. ఆడవాళ్ళకు అదేమీ పట్టలేదు, ఆ లాగుడు వాళ్ళే అందుకుని పాడేశారు, ఎవరి శ్రుతిలో వాళ్ళు.

బుధవారం ఆసుపత్రిలో నాలుగో అంతస్తు. దోక్సిమ్ మెడ చుట్టూ కట్టు, కట్టు మధ్యలో ఒక గొట్టం. ఊపిరి అందులోంచే వస్తోంది. పక్కన చిన్న తెల్లపలక, నల్ల కలం. పొద్దుటినుంచీ నాలుగు మాటలు రాసింది. 'నీళ్ళు.' 'నొప్పి.' 'బాంగ్ తిన్నాడా.' 'పిల్సునా, కిటికీ మూయి.'

ఆ నాలుగోది చదివి పిల్సున్ లేచి కిటికీ మూసింది. అద్దానికి నుదురు ఆనించి కాసేపు అక్కడే నిలబడింది. శనివారం తను నవ్వులో పాతిపెట్టిన 'అక్కా' అన్న మాట మళ్ళీ ఎందుకు మొలుస్తుంది?

నర్సు కాగితాలు పట్టుకుని వచ్చింది. చిన్నపిల్ల, మాట చురుకు. "అమ్మమ్మా, మీరేగా తోడున్నది? చుట్టరికం ఏం రాయమంటారు?"

"చెల్లెలు," అంది పిల్సున్.

నర్సు రాయబోయి ఆగింది. గుర్తింపు కార్డులు రెండూ పక్కపక్కన పెట్టింది. "ఇంటిపేర్లు వేరు. పోనీ, ఒకే ఇంట్లో ఉంటున్నారు కదా, రాస్తాను. కానీ ఇందులో మీరే మూడేళ్ళు పెద్ద? ఇంతకీ ఇద్దర్లో అక్క ఎవరు?"

పిల్సున్ చెయ్యి దానంతటది లేచి మంచం వైపు చూపించింది. అదే సమయంలో మంచం ఊచ మీద ఉంగరం టకటకమంది. పాటకు ముందు దోక్సిమ్ అలాగే తాళం లెక్కపెట్టేది. ఆమె మరో చెయ్యి, సూది గుచ్చిన చెయ్యి, దుప్పటి మీంచి లేచి పిల్సున్ వైపు చాచి ఉంది. చూపుడువేలు దిగడం లేదు.

"మీ ఇద్దరూ తేల్చుకోండి ముందు!" అని నవ్వింది నర్సు.

పిల్సున్ తన వేలు దించింది. "నేనే," అంది. "నేనే అక్కని. రాసుకో."

నర్సు వెళ్ళిపోయాక దోక్సిమ్ నిద్రపోయింది. మందుల నిద్ర. గొట్టంలోంచి గాలి వస్తూ పోతూ ఉంది. పిల్సున్ ఫోను తీసింది. గుమ్ గారు ఆదివారమే పంపిన వీడియో. 'మీ అక్కచెల్లెళ్ళ హాస్యం చూసి మా వీధంతా నవ్వుతోంది,' అని రాసింది కింద. ఇప్పటిదాకా తెరవలేదు.

శబ్దం తగ్గించి చెవికి ఆనించుకుంది. పళ్ళు దొర్లిన చప్పుడు. కుర్చీలు జరిగిన చప్పుడు. ఆ తరవాత ఆ గొంతు.

"అక్కా, వద్దు. లేవండి."

వెంటనే వ్యాఖ్యాత. ఆ వెంటనే నవ్వు. నవ్వు వెనక తన గొంతు ఉంది, ఇంకో నాలుగు క్షణాల్లో వస్తుంది. అది రాకముందే పిల్సున్ బొటనవేలితో నొక్కి ఆపేసింది. మళ్ళీ మొదటినుంచి పెట్టింది.